కుడి కాలు కిందికి

పోయే ముందు సలీమ్ చేసిన ఆఖరి పని ఒక చక్రం ఊగుడు తీయడం. 1993 నవంబరులో ఒక పొద్దున, కామారెడ్డి స్టేషన్ రోడ్డులోని తన దుకాణం ముందు ఎవరో పాలవాళ్ల సైకిల్ని తలకిందులుగా నిలబెట్టాడు. వెనక చక్రాన్ని వేలితో తోసి, కన్ను దగ్గరగా పెట్టి చూశాడు. ఒక స్పోకు పుల్ల బిగించాడు, మళ్లీ తోశాడు. ఎదురు హోటల్ వైపు చెయ్యెత్తి చాయ్ చెప్పాడు. చాయ్ వచ్చేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, పానా ఒళ్లో ఉంది. చక్రం ఇంకా తిరుగుతూనే ఉందని హోటలతను తర్వాత చాలామందికి చెప్పాడు. అది నిజం కాకపోవచ్చు. చాయ్ వచ్చేంతసేపు ఏ చక్రమూ తిరగదు.

మర్నాడు ఈ కబురు పట్టుకుని సలీమ్ బామ్మర్ది సిరాజుద్దీన్ ఎల్లారెడ్డి వచ్చాడు. కాలువ కట్ట మీద తుంగ కోస్తున్న సిద్దిరాములు, మోపెడ్ దిగి వస్తున్న మనిషిని దూరం నుంచే గుర్తుపట్టాడు. గుర్తుపట్టి కూడా కొడవలి ఆపలేదు.

"మా బావ పోయిండన్నా. నిన్న మాపటికే మట్టి అయింది. నీకు చెప్పి రమ్మని మా అక్క తోలింది."

"సరే," అన్నాడు సిద్దిరాములు.

సిరాజుద్దీన్ ఇంకో మాట వస్తుందేమో అని చూశాడు. కోసిన తుంగ నీళ్లలో పడి కొట్టుకుపోతోంది. మోపెడ్ వెళ్లిపోయిన చప్పుడు పూర్తిగా తగ్గాక సిద్దిరాములు కట్ట మీద కూర్చున్నాడు. తొమ్మిదేళ్లుగా అతని కుడి భుజం ఎడమ దానికన్నా రెండు వేళ్లు కిందికి ఉంటుంది. ఆ రోజు ఎందుకో రెండూ కిందికే ఉన్నాయి.

వాళ్లిద్దరి స్నేహం ఒక బకెట్ నీళ్లతో మొదలైంది. 1977 ఎండాకాలంలో ఎల్లారెడ్డి సంత మైదానంలో ఏడు రోజుల నాన్‌స్టాప్ సైకిల్ పెట్టారు. దోమకొండ మనిషట, పేరు సలీమ్ అట, ఏడు దినాలు కాలు కింద పెట్టకుండా తొక్కుతాడట అని ఊరంతా చెప్పుకున్నారు. మైదానం మధ్యలో ఒక కట్టె పాతి దానికి మైకు కట్టారు. దాని చుట్టూ సున్నంతో గుండ్రంగా గీత గీశారు. ఆ గీత మీద సలీమ్ తిరిగేవాడు. తిరుగుతూనే అన్నం తినేవాడు, గడ్డం గీసుకునేవాడు, అంగీ విప్పి ఇంకో అంగీ వేసుకునేవాడు, నేల మీద పెట్టిన నిమ్మకాయను వంగి పంటితో అందుకునేవాడు. స్నానం కూడా సైకిల్ మీదే. ఎవరైనా పక్కన పరుగెత్తుతూ నీళ్లు పోయాలి.

మూడో రోజు ఆ పని సిద్దిరాములు మీద పడింది. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు. పోచారం కాలువ మీద లష్కర్. అంటే కట్ట పొడవునా నడుస్తూ తూములు తిప్పడం, గండ్లు పడకుండా చూడడం, వంతు ప్రకారం పొలాలకు నీళ్లు వదలడం అతని పని. నీళ్లతో బతికేవాడు కదా, నీళ్లు పోయడం ఎంతపని అనుకున్నాడు. మొదటి బకెట్ సగం సలీమ్ మీద, సగం ముందు వరసలో కుర్చీ వేసుకున్న సర్పంచ్ మీద పడింది.

"ఓ లష్కరన్నా," సైకిల్ మీంచే అరిచాడు సలీమ్, "నేను తానం చేస్తున్ననా, మీ సర్పంచ్ సాబ్ చేస్తుండా?"

"జర ఆగు మరి. ఉరుకుకుంట పోస్తే ఎట్ల పడ్తది?"

"ఆగితే ఏడు దినాలెట్ల అయితయ్? నువ్వే జర ఉరుకు."

ఉరికాడు. సిద్దిరాములు నిజంగానే బాగా ఉరికేవాడు. రెండో బకెట్ నుంచి ఒక్క చుక్క వృథా పోలేదు. ఏడో రోజు సలీమ్ సైకిల్ దిగి, కాళ్లు నిలవక ఊగుతుంటే, పట్టుకున్నది సిద్దిరాములే.

ఆ తర్వాత రెండేళ్లకు సలీమ్ ఊళ్లు తిరగడం మానేసి కామారెడ్డిలో దుకాణం పెట్టాడు. సైకిళ్లు కిరాయికి ఇవ్వడం, పంక్చర్లు, చక్రాలు. కాలువల ఆఫీసు పని మీద కామారెడ్డి వచ్చినప్పుడల్లా సిద్దిరాములు అక్కడ దిగేవాడు. అతని తల్లి ముత్తవ్వ మక్క కంకులు మూటగట్టి పంపేది. సలీమ్ భార్య హఫీజా అన్నం పెట్టేది. సలీమ్ వయసులో ఆరేళ్లు పెద్ద. దుకాణంలో ఉన్నంతసేపూ ఏదో ఒకటి నేర్పుతూనే ఉండేవాడు. ట్యూబు ఎట్లా అతికించాలి, గొలుసు ఎంత బిగుతుగా ఉండాలి, సీటు ఎత్తు ఎంతుండాలి. చుట్టుపక్కల వాళ్లు అతన్ని ఉస్తాద్ అనేవాళ్లు. ఆ పిలుపు వినగానే సలీమ్ నడుము కొంచెం నిటారుగా అయ్యేది.

1984 చివరలో ఒక యువజన సంఘం వాళ్లు గోడల మీద కాగితాలు అంటించారు. దాని కార్యదర్శి రాజేశం ఊరూరూ తిరిగి వివరించాడు. "ఎల్లారెడ్డి చెరువుల ఈత. గట్టెక్కంగనే సైకిలెక్కి కామారెడ్డి దాక తొక్కుడు. దిగంగనే మైదానంల పది చుట్లు ఉరుకుడు. మధ్యల ఆగుడు లేదు. ఒకటో నంబరొచ్చినోన్ని హైదరాబాద్ పోటీలకు తోల్తం. ఒక్కన్నే."

సిద్దిరాములుకు అప్పటికి ముప్పై ఒకటి దాటింది. కాలువ మీద పదకొండేళ్ల నౌకరీ. నీళ్లు వచ్చిన రోజు అతని పేరు ఎవరికీ గుర్తుండదు. రాని రోజు మాత్రం పొలం పొలం నుంచీ పిలుస్తారు, తిట్టడానికి. ఆ పేరు ఒక్కసారి హైదరాబాద్‌లో మైకులో వినబడాలని అతనికి పుట్టింది. ఈత వచ్చు, పరుగు వచ్చు. సైకిల్ అంతంత మాత్రం. కాలువ కట్ట మీద నడవడమే తప్ప తొక్కే దారి ఉండదు. సొంత సైకిల్ కూడా లేదు.

"నేనున్న కద," అన్నాడు సలీమ్. "ఈతల నువ్వు ఉస్తాద్, సైకిల్ల నేను ఉస్తాద్. హైదరాబాద్ పోయినంక నన్ను మర్చిపోకు."

"మీ సిరాజుద్దీన్ సుత పేరిచ్చిండట గద?"

"వాడా? పాల క్యాన్లు మోసుకుంట తొక్కేటోడు. వాని సంగతి ఇడువు."

దుకాణం వెనక, మూతపడిన రైసుమిల్లు స్థలంలో సలీమ్ సున్నంతో గీత గీశాడు. ప్రతి ఆదివారం సిద్దిరాములు మొదటి బస్సుకు వచ్చి సాయంత్రం దాకా ఆ గీత మీద తిరిగేవాడు. సలీమ్ మధ్యలో నిలబడి, తనూ అక్కడే తిరుగుతూ చెప్పేవాడు. పరుగెత్తుతూ వచ్చి ఆగకుండా సీటు మీదికి ఎట్లా దూకాలి. చేతులు వదిలి తడి అంగీ విప్పి పొడిది ఎట్లా తొడుక్కోవాలి. ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో సీసా. ఇవన్నీ అతను ఏళ్ల తరబడి జనం ముందు చేసినవే.

అన్నిటికన్నా ముఖ్యమైంది మలుపు. వేగం తగ్గించకుండా, బ్రేకు ముట్టకుండా, సైకిల్ని పక్కకు వాల్చి తిప్పడం. అక్కడ తొక్కడం ఆపాలి, ఒక పెడల్ కిందికి ఉంచి దాని మీద బరువంతా వేయాలి.

"కుడి కాలు కిందికి," అనేవాడు సలీమ్. "మలుపొచ్చిందంటే కుడి కాలు కిందికి. నిద్రల లేపి అడిగినా కుడి కాలే."

"ఎందుకు?"

"ఎందుకేంది? పడవు గనక."

నిజంగానే పడేవాడు కాదు. పది ఆదివారాల్లో సిద్దిరాములు ఆ గీత మీద నీళ్లలో చేప తిరిగినట్టు తిరిగాడు. మైకు కట్టె స్థానంలో నిలబడ్డ సలీమ్ ఎప్పుడూ అతని ఎడమ చేతి వైపే ఉండేవాడు.

రెండుసార్లు అడిగాడు సిద్దిరాములు, పోటీ రోడ్డు మీద ఒక్కసారి కలిసి తొక్కుదామని. మొదటిసారి సలీమ్ దుకాణం ఎవరు చూస్తారన్నాడు. రెండోసారి కొంచెం విసుక్కున్నాడు. "రోడ్డు మీద లారీ గుద్దితే పోటీకి ఎవడు పోతడు? రింగుల వచ్చినోనికి రోడ్డొక లెక్కనా? నా మీద నమ్మకం లేదా?"

నమ్మకం ఉంది. అందుకే మళ్లీ అడగలేదు.

1985 జనవరిలో పోటీ జరిగింది. ఇరవై ముగ్గురు చెరువులోకి దూకారు. సిద్దిరాములు మొదట గట్టెక్కాడు. మిగతావాళ్లు ఒడ్డున కూర్చుని ఒళ్లు తుడుచుకుని బట్టలు తొడుక్కుంటుంటే, అతను తడి లాగుతోనే పరుగెత్తి సైకిల్ మీదికి దూకాడు. మెడలో వేసుకున్న పొడి అంగీని చేతులు వదిలి తొడుక్కుంటూ బజారు దాటాడు. సంత మైదానం దగ్గర ఎవరో ముసలాయన, "అరే, నాన్‌స్టాప్ సలీమ్ లెక్కనే ఉన్నడు," అన్నాడు. ఆ మాట విని సిద్దిరాములుకు నవ్వొచ్చింది. అతని జీవితంలో అంత సంతోషంగా ఉన్న గంట మరొకటి లేదు.

లింగంపేట చేరేసరికి వెనక కనిపించేంత దూరంలో ఒక్కడే ఉన్నాడు, సిరాజుద్దీన్. లింగంపేట దాటాక ఒక దిగుడు ఉంది. దిగుడు చివర కల్వర్టు, కల్వర్టు దాటగానే రోడ్డు కుడికి తిరుగుతుంది. అప్పటిదాకా వచ్చిన కుడి మలుపులు చిన్నవి. తొక్కుతూనే దాటేశాడు. ఇది మాత్రం దిగుట్లో వచ్చిన వేగంతో, బ్రేకు ముట్టకుండా, వాలి తిరగాల్సిన మలుపు. సరిగ్గా సలీమ్ నేర్పిన మలుపు. సిద్దిరాములు తొక్కడం ఆపాడు. కుడి కాలు కిందికి దించాడు. కుడికి వాలాడు.

వాలిన వైపే కింద ఉన్న పెడల్ రోడ్డుకు తగిలింది. చక్రం నేల విడిచింది. ఆ తర్వాత అతనికి తెలిసింది కంకర రుచి మాత్రమే.

భుజం కింద ఏదో విరిగిందని అర్థమయ్యేలోపే సిరాజుద్దీన్ వచ్చాడు. అతను కూడా బ్రేకు ముట్టలేదు. తొక్కడం ఆపి, కుడికి వాలి, మెత్తగా తిరిగిపోయాడు. రోడ్డు మీద చెంప ఆనించి పడుకున్న సిద్దిరాములు కళ్లకు సిరాజుద్దీన్ కాళ్లు సూటిగా కనబడ్డాయి. కుడి కాలు పైకి ఉంది. ఎడమ కాలు కిందికి ఉంది.

అంతే. నొప్పి తర్వాత తెలిసింది, అది ముందు తెలిసింది. కుడి మలుపుకు ఎడమ కాలు. ఇంత చిన్న సంగతి. పది ఆదివారాలు. బామ్మర్దికి ఒక కాలు, నాకు ఒక కాలు.

సంఘం వాళ్ల జీపులో అతన్ని కామారెడ్డి మైదానానికి తెచ్చారు. దవాఖానకు పోదామంటే వినలేదు. పరుగు అప్పటికే అయిపోయింది. సిరాజుద్దీన్ మెడలో దండ ఉంది. రాజేశం మైకులో అతని పేరు మూడోసారి చదువుతున్నాడు. పక్కన సలీమ్ బామ్మర్ది భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. జీపు దిగుతున్న సిద్దిరాములును చూసి ఆ చెయ్యి తీసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది తమ్మీ? యాడ పడ్డవ్?"

"కుడి మలుపుల. కుడి కాలు దించిన."

సైకిల్ని జీపులోంచి దించారు. సలీమ్ వంగి పెడల్ చూశాడు. దాని అంచు అరిగి తెల్లగా మెరుస్తోంది. చాలాసేపు దాన్నే చూశాడు.

"మీవాడు ఎడమ కాలు దించిండు. నేను కండ్లార చూసిన," అన్నాడు సిద్దిరాములు. చుట్టూ జనం చేరారు. "ఒక్క మాట చెప్పు సలీమన్నా. కుడి మలుపుకు ఏ కాలు దించాల్నో నీకు ఎర్కనా, లేదా?"

పక్కనున్న వాళ్లలో ఎవరో, "ఉస్తాద్‌కు ఎర్కుండదా?" అన్నారు, నవ్వుతూ. సలీమ్ నిటారుగా నిలబడ్డాడు. జనం వైపు చూశాడు, సిద్దిరాములు వైపు చూడలేదు.

"ఎర్కే," అన్నాడు.

"ఎర్కుండి చెప్పలే?"

"చెప్పలే."

సిద్దిరాములు ఎడమ చేత్తో విరిగిన భుజం పట్టుకుని బస్‌స్టాండ్ దాకా నడిచాడు. సలీమ్ వెనకనే కొంతదూరం వచ్చి ఆగిపోయాడని తర్వాత ఎవరో చెప్పారు. అతను వెనక్కి తిరిగి చూడలేదు.

ఎముక వంకరగా అతుక్కుంది. తూము చక్రం తిప్పేటప్పుడు కుడి చెయ్యి ఒక చోట పట్టేస్తుంది. ఏడాదికి ఎన్నిసార్లు తూములు తిప్పుతాడో అన్నిసార్లు ఆ మైదానం, ఆ మాట గుర్తొచ్చేవి. తెలియక చేశానంటే క్షమించేవాడు. మర్చిపోయానన్నా క్షమించేవాడేమో. ఎర్కే అన్నాడు, అదీ అందరి ముందు, తల ఎత్తుకుని. మోసం చేసినవాడు కనీసం తల దించుకోవాలి కదా అని ముత్తవ్వతో అన్నాడొకసారి. ఆమె, "చేతుల పడ్డది అన్నమో సున్నమో తినేదాక తెల్వది బిడ్డా, ఇడువు," అంది. విడవలేదు. కామారెడ్డి వెళ్తే స్టేషన్ రోడ్డు వైపు పోయేవాడు కాదు. 1989లో బస్‌స్టాండ్‌లో ఒకసారి వెనక నుంచి "సిద్దిరాములూ" అని పిలుపు వినబడింది. గొంతు తెలుసు. బస్సెక్కి అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. సలీమ్ బస్సు చుట్టూ తిరిగి వచ్చేలోపు అది కదిలింది.

అదే ఆఖరు.

సలీమ్ పోయిన నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు ఎందుకు వెళ్లాడో అతను సరిగ్గా చెప్పలేడు. ముత్తవ్వ పోయినప్పుడు హఫీజా ఒక్కతే బస్సెక్కి ఎల్లారెడ్డి వచ్చి, మాట్లాడకుండా వాకిట్లో కూర్చుని పోయింది. ఆ రుణం ఒకటి ఉంది. ఆమె కోసం వెళ్తున్నాననుకున్నాడు. సలీమ్ కోసం కాదు.

చదవడాలు, భోజనాలు అయ్యాక వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లారు. సిరాజుద్దీన్ గిన్నెలు బయట పెడుతున్నాడు. హైదరాబాద్ పోటీల్లో అతను ఈత దగ్గరే ఆగిపోయాడు. మళ్లీ పాల క్యాన్లకే వచ్చాడు. సిద్దిరాములు దగ్గర ఆగి, తల వంచుకుని అన్నాడు. "అన్నా, నా మీద కోపం ఉంటదని ఎర్కే. గాని మా బావ నాకు ఏం నేర్పలే. నలభై లీటర్ల పాలు కట్టుకుని తిరిగేటోనికి, ఏ కాలు దించాల్నో పాలే నేర్పుతయి. దించకుంటే ఒలుకుతయి."

"మరి ఆయన ఎర్కే అన్నడు గద," అన్నాడు సిద్దిరాములు. గొంతు గట్టిగానే ఉంది. తొమ్మిదేళ్లు పట్టుకుని తిరిగిన మాటను అంత తేలిగ్గా కింద పెట్టలేకపోయాడు.

సిరాజుద్దీన్ అక్క వైపు చూశాడు. హఫీజా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతిలో తస్బీ ఉంది, పూసలు కదలడం లేదు.

"కూసో తమ్మీ," అంది. "ఆయన నన్ను చెప్పద్దన్నడు. ఇప్పుడెవరు అడుగుతరు."

సిద్దిరాములు కూర్చోలేదు. దర్వాజా పట్టుకుని నిలబడ్డాడు.

"దుకాణంకెళ్లి వస్తుంటే మా గల్లీ కుడి దిక్కు కద. నాలుగు అడుగులు. ఆయన ఒక్కనాడు సుత ఆడ తిరగలే. గల్లీ దాటి సీదా పోయేది. ముందట ఎడమకు తిప్పేది, మళ్ల ఎడమకు, మళ్ల ఎడమకు. గట్ల ఊరంత చుట్టి వచ్చి, రోడ్డు అడ్డం దాటి గల్లీల జొచ్చేది. నేను మొదట్ల గాలికి తిరుగుతుండేమో అనుకున్న. చాయ్ చల్లారుతదని లడాయి సుత పెట్టుకున్న. అప్పుడు చెప్పిండు. ఏండ్ల కొద్ది రింగుల ఎడమ దిక్కే తిరిగితిరిగి, కుడికి వంగుడు ఆయనకు రాకుంట పోయింది, గా మాట నలుగుట్ల ఉస్తాద్ ఎట్ల చెప్తడు. పద్నాలుగేండ్లు గట్లనే ఇంటికొచ్చిండు."